ఆ గదిలో రెండో కుర్చీ

ప్రసూతి ఆసుపత్రులు నడిపేవారికి, అక్కడ పనిచేసే డాక్టర్లకు, నర్సులకు, తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచేవారికి,

నమస్కారం. మాకిది తొలిచూలు. ఈ ఉత్తరం రాసేనాటికి 34వ వారం నడుస్తోంది. బిడ్డను మోస్తున్నది నా భార్య, ఫైలు మోస్తున్నది నేను.

“మీరు బయట కూర్చోండి” అన్న మాట ఈ నెలల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టుకోలేదు. బయట కూర్చోవడం ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. వరసగా నాలుగు ఇనప కుర్చీలు, గోడవైపు చివరిది కొంచెం కుంటుతుంది. నా ఒళ్లో ఆమె హ్యాండ్‌బ్యాగు, దాని మీద ఫైలు, ఫైలు మీద ఆమె లోపలికి వెళ్తూ తీసిచ్చిన కళ్లజోడు. ఎదుటి వరసలో నాలాంటివాళ్లే ముగ్గురు. ఒకరితో ఒకరం మాట్లాడుకోం. తలుపు కిర్రుమన్నప్పుడల్లా నలుగురం ఒకేసారి తలెత్తుతాం. పిలిచింది మనల్ని కాదని తెలిశాక మళ్లీ ఫోన్లలోకి వంగుతాం.

ఐదో నెల స్కానింగు రోజున ఆ కుర్చీలో నలభై నిమిషాలు కూర్చున్నాను. బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఏర్పడ్డాయో లేదో చూసే ఆ స్కానింగును 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారని, గుండెలో నాలుగు గదులు, వెన్నెముక, మూత్రపిండాలు, పై పెదవి ఒక్కొక్కటే చూస్తారని ముందురోజు రాత్రే చదువుకున్నాను. చదవకుండా ఉండాల్సింది. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ “ఇప్పుడు గుండె దగ్గర ఆగి ఉంటారు, ఎందుకు ఆగారు?” అనుకుంటూ కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నా గుండె జారిపోయింది. “ఏం లేదు, అంతా బాగుంది. బిడ్డ ఆవులించింది, తెలుసా?” అంది. ఎలా ఆవులించిందో నోరు తెరిచి చూపించింది కూడా.

నేను చూడలేదన్న అలక ఉంది, దాచను. కానీ అలక తీర్చుకోవడానికి అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయనక్కర్లేదు. నన్ను బయట కూర్చోబెట్టడం వల్ల నాకు జరిగిన నష్టం చిన్నది. ఆమెకు జరిగిన నష్టం గురించే నా ఫిర్యాదు.

మా ఇంట్లో ఏడు గళ్ల మాత్రల డబ్బా ఒకటి ఉంది. ఆదివారం రాత్రి దాన్ని నింపడం నా పని. వేవిళ్ల రోజుల్లో ఆమెకు మాత్ర పేరు చెబితేనే కడుపులో తిప్పేది, అప్పుడు నా చేతికొచ్చింది, అలాగే ఉండిపోయింది. మొదట్లో ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. తరవాత ఐరన్, ఆ తరవాత కాల్షియం. ఒకేసారి మింగేస్తే ఒక గొడవ వదిలిపోతుందని ఐరన్, కాల్షియం రెండూ రాత్రి గడిలోనే వేశాను. ఐదు వారాలు అలాగే వేశాను. పైగా డబ్బా సర్దినప్పుడల్లా ఏదో ఘనకార్యం చేసినట్టు మూత టక్కున మూసేవాణ్ని.

28వ వారంలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ పెరగలేదు. ఉన్నచోటే ఉంది. డాక్టరుగారు లోపల ఆమెను అడిగారట, “రెండూ కలిపి వేసుకుంటున్నారా? కలపొద్దని, మధ్యలో కొన్ని గంటలు తేడా ఉండాలని చెప్పాను కదా!” చెప్పారు, నిజమే. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని కూడా చెప్పారట. ఎప్పుడు చెప్పారంటే, ఆమె పరీక్ష బల్ల మీద పడుకుని, పొట్ట మీద చల్లటి జెల్లు రాస్తుంటే, బిడ్డ గుండె చప్పుడు దొరుకుతుందా లేదా అని ఊపిరి బిగపట్టిన క్షణంలో. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే ఆ చప్పుడు గుర్రం దౌడు తీస్తున్నట్టు వినిపిస్తుంటే, మాత్రల వేళలు ఏ తల్లి బుర్రకెక్కుతాయి? అదే సమయంలో, ఆ మాత్రలు డబ్బాలో వేసే మనిషి తలుపుకు ఇవతల, కుంటి కుర్చీలో కూర్చుని, వేరే ఎవరిదో పేరు వింటున్నాడు.

చెప్పింది ఒకరికి, చేసేది ఇంకొకరు. నా గోడు మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. తప్పు మాదే అంటారా, ఒప్పుకుంటాను. చీటీ మీద రాసే ఉందని ఆ తరవాత చూశాను. ఆ రాతని చదవడానికి మందుల షాపు అతనికే రెండు నిమిషాలు పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణులకు కనీసం ఎనిమిది సార్లు వైద్య పరీక్ష జరగాలని చెప్పింది. మొదటిది 12 వారాల లోపు, ఆ తరవాత 20, 26, 30, 34, 36, 38, 40 వారాల్లో. ఒక్కోసారి లోపల గడిపేది పదిహేను నిమిషాలు అనుకుంటే, మొత్తం కలిపి రెండు గంటలు. మిగతా 280 రోజులూ మీరు చెప్పిన మాటలతో ఇంట్లో బతికేది మేమిద్దరమే. ఆ రెండు గంటల మాటల్లో సగం ఆమె గాబరాలో పోతే, మిగతా సగం ఇంటికొచ్చేసరికి నాకు అనువాదమై చేరుతుంది. “వాపు వస్తే చెప్పమన్నారు” అంటుంది. ఏ వాపు? సాయంత్రానికి పాదాలు ఉబ్బడం ఈ నెలల్లో చాలామందికి మామూలేనట. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, దానితోపాటు తగ్గని తలనొప్పి, కళ్లముందు మిణుగురులు, డొక్కల కింద పైకడుపులో నొప్పి అయితే బీపీ 140/90 దాటిందేమో వెంటనే చూడాలి. ఇది ముదిరి ఫిట్స్ వస్తే దాన్నే పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడతారు. తన ముఖం ఉబ్బిందో లేదో ఎవరికి వాళ్లకు తెలియదు. రోజూ ఆ ముఖం చూసేది నేను. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, నేనే వెతుక్కుని చదువుకున్నాను. అన్నీ చదివాక ఒకటే అనిపించింది: నేను తప్పు చోట చదివి ఉంటే?

పడుకునే సంగతి చూడండి. 28 వారాలు దాటాక తల్లి పక్కకి తిరిగి పడుకోవాలి, వెల్లకిలా నిద్రపోకూడదు. పుట్టాక బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి, పక్కకి కాదు, బోర్లా అసలే కాదు. గట్టి పరుపు, తలగడ వద్దు, బొమ్మలు వద్దు. రెండూ చావుబతుకుల సంగతులే, రెండూ ఒకదానికొకటి తిరగేసినట్టుంటాయి. వింటున్నది అలసిపోయిన ఒక్క మనిషి అయితే ఏది ఎవరికో తారుమారు కావడానికి ఎంతసేపు? నా మటుకు నేను రాత్రుళ్లు లేచి ఆమె వెల్లకిలా అయిందేమో చూసేవాణ్ని. ఆమెకు అది తెలిసి, “నువ్విలా చూస్తుంటే నాకు అసలు నిద్రే పట్టదు” అని కసిరింది. మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే మళ్లీ పక్కకి తిరిగితే చాలని, కాపలా కాయనక్కర్లేదని తరవాత తెలిసింది. దీనికి జవాబు చెప్పడానికి మీకు అర నిమిషం చాలు. నేను అడగగలిగితే.

కాబోయే తండ్రి రోజంతా ఏం చేస్తాడని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చేది. పొద్దున ఆమె లేవకముందు లేచి, వాసన లేని సబ్బుతో (వాసన ఉన్నవన్నీ మూడో నెలలోనే ఇంట్లోంచి వెళ్లిపోయాయి) స్నానం చేసి, ఆమె వంగలేదు కాబట్టి కింద పడినవన్నీ తీసి, ఆఫీసుకెళ్తాను. పిల్లి మట్టిపెట్టె శుభ్రం చేసే పని ఆమె నుంచి నాకు మారింది. పిల్లి మలంలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల టాక్సోప్లాస్మోసిస్ అనే జబ్బు వచ్చి కడుపులో బిడ్డకు సోకే ప్రమాదం ఉందట. పిల్లికి ఈ మార్పు నచ్చలేదు. సాయంత్రాలు చిన్న చిన్న బట్టలు ఉతికి ఆరేస్తాను. మొదటిసారి ఒక టోపీ ఉతికి ఆరేయడానికి చోటులేక నా మోకాలికి తొడిగాను. మోకాలికి సరిగ్గా సరిపోయింది. పుట్టబోయే మనిషి తల నా మోకాలంత అని తెలిసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

బిడ్డకు మంచం బిగించాను. మూడు గంటలు పట్టింది, చివరికి ఒక బోల్టు మిగిలింది. ఎక్కడిదో కనుక్కోవడానికి మళ్లీ మొత్తం విప్పాను. ఇంకో వస్తువైతే డ్రాయరులో పడేసి ఊరుకునేవాణ్ని.

రాత్రి తొమ్మిదికి కదలికలు లెక్కపెడతాం. ఆమె పక్కకి తిరిగి పడుకుంటుంది, నేను అరచెయ్యి ఆనిస్తాను. రెండు గంటల్లోపు పది కదలికలు రావాలన్నది లెక్క. మాకు మామూలుగా ఇరవై నిమిషాల్లోనే అయిపోతాయి. నోట్లో నాలుకతో బుగ్గను లోపలినుంచి తోస్తే బయటికి ఉబ్బుతుందే, అచ్చం అలా ఉంటుంది. ఆమె చెబుతుంది, నేను గీతలు గీస్తాను. ఎప్పుడైనా కదలికలు తగ్గాయనిపిస్తే పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి ఫోన్ చేయాలని ఆ కాగితం పైన ఎర్రగా రాసిపెట్టుకున్నాను.

లెక్క అయ్యాక పొట్టకు దగ్గరగా కూర్చుని ఏదో ఒకటి పైకి చదువుతాను. ఏడో నెల వచ్చేసరికి బిడ్డకు శబ్దాలు వినిపిస్తాయని తెలిసినప్పటి నుంచి ఇది అలవాటైంది. చేతికి ఏది దొరికితే అది. మొన్న వాషింగ్ మెషీను వెంట వచ్చిన పుస్తకం పూర్తి చేశాం. పసికందులు తల్లి గొంతును మిగతా ఆడవాళ్ల గొంతుల కంటే ఇష్టపడతాయని 1980లో ఆంథనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అనే పరిశోధకులు చూపించారు. సంతోషించి ఇంకొంచెం చదివాను. డికాస్పరే 1984లో తండ్రుల గొంతుతో అదే పరీక్ష చేస్తే, పసికందులు తండ్రికీ, ఎవరో తెలియని మగవాడికీ తేడా కనిపెట్టాయి గానీ తండ్రి వైపు ప్రత్యేకంగా మొగ్గలేదట. ఆ రాత్రి ఒక్కటే చదవడం మానేశాను. మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఒంట్లో కూడా ఏదో జరుగుతోంది. ఆమె బరువు పెరిగింది సరే, నేనెందుకు పెరిగానో తెలియదు. వేవిళ్ల నెలల్లో నాకూ పొద్దున్నే వికారంగా ఉండేది. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు. దీనికి కువాడ్ అని పేరుంది. 1865లో ఎడ్వర్డ్ టైలర్ అనే మానవ శాస్త్రవేత్త, బిడ్డ పుట్టే వేళ తండ్రి కూడా బాలింతలా నియమాలు పాటించే ఆచారాలకు ఆ మాట వాడాడు. గుడ్లు పొదగడమనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఇప్పుడు కాబోయే తండ్రుల్లో కనిపించే ఇలాంటి లక్షణాలనూ అదే పేరుతో పిలుస్తున్నారు. కెనడాలో జరిపి 2000 సంవత్సరంలో అచ్చువేసిన ఒక పరిశోధనలో, కాన్పు దగ్గరపడేసరికి మగవాళ్ల రక్తంలో ప్రొలాక్టిన్ (తల్లికి పాలు పడేలా చేసే హార్మోను) పెరగడం, బిడ్డ పుట్టాక టెస్టోస్టెరాన్ (మగ హార్మోను) తగ్గడం చూశారు. పొదగడమన్నది మాటవరసకే కాదన్నమాట. కుంటి కుర్చీలో కూర్చున్నవాడు ఊరికే కూర్చోలేదు.

మీ ఆసుపత్రి కాగితాల్లో నా పేరు రెండు చోట్ల ఉంటుంది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్న చోట ఒకటి, బిల్లు ఎవరు కడతారన్న చోట ఇంకొకటి. మీరు ఎలా ఉన్నారన్న గడి లేదు. 2010లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 43 అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం ఒకటి వచ్చింది. భార్య గర్భం దాల్చిన మొదటి నెలల నుంచి బిడ్డకు ఏడాది నిండేలోపు తండ్రుల్లో నూటికి దాదాపు పదిమంది డిప్రెషన్‌కు లోనవుతారని అందులో తేలింది. తల్లి డిప్రెషన్‌లో ఉన్న ఇంట్లో తండ్రికీ ఆ అవకాశం ఎక్కువట. నాకు అలాంటిదేం లేదు. కానీ నా ఎదుటి వరసలో ఒకాయన ప్రతిసారీ కాలు వణికిస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంటాడు. ఆయన్ని ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే బాగుండు. నేనూ అడగలేదనుకోండి.

సెలవు సంగతి కూడా ఒకటి చెప్పాలి. చీటీ మీద కాన్పు తేదీ చూసి, సరిగ్గా ఆ రోజు నుంచే సెలవు కావాలని ఆఫీసులో రాసిచ్చాను. రైలు టికెట్టు కొన్నట్టు. ఆ తేదీ ఎలా వస్తుందో తరవాత తెలిసింది. ఆఖరి నెలసరి మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి, అందులోంచి మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టి, ఏడాది కలుపుతారు. జర్మనీ వైద్యుడు ఫ్రాంజ్ నేగెలే పేరుతో రెండు వందల ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఇది. అందులో మొదటి రెండు వారాలు బిడ్డే ఉండదు! సరిగ్గా ఆ తేదీన పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. 37 వారాల నుంచి 42 దాకా ఎప్పుడైనా కావచ్చు. డాక్టరుగారు ఈ మాట కూడా లోపల చెప్పారట, “తేదీ పట్టుకుని కూర్చోకండి” అని. బయట కూర్చున్నవాణ్ని నేను తేదీ పట్టుకునే కూర్చున్నాను. సెలవు చీటీ మళ్లీ మార్చి రాయాల్సి వచ్చింది.

ఇంతవరకు చదివి, “వీడికి మా మీద కోపం” అనుకోకండి. మీలో ఒకరు నాకు చేసిన మేలు చెప్పకపోతే ఈ ఉత్తరం అన్యాయమవుతుంది.

32వ వారంలో ఒక రాత్రి రెండింటికి ఆమె లేచి, పొట్ట గట్టిపడుతోందని చెప్పింది. గడియారం చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు నిమిషాలకోటి వస్తున్నట్టు తేలింది. ఎనిమిదో నెలలోనే నొప్పులా! గాబరాలో ఒక కాలికి ఆమె చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని ఇద్దరం బయల్దేరాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ నన్ను బయట కూర్చోమనలేదు. మూలనున్న స్టూలు కాలితో ఇటు జరిపి, “కూర్చోండి బాబూ, చెప్పండి, ఎలా లెక్కపెట్టారు?” అంది.

ఒక నొప్పి ఆగిన దగ్గర్నుంచి ఇంకోటి మొదలయ్యేదాకా లెక్కపెట్టానని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. రసీదు వెనక్కి తిప్పి, పెన్నుతో అలలు గీసింది. ఒక అల మొదలైన చోట చుక్క పెట్టి, పక్క అల మొదలైన చోట ఇంకో చుక్క పెట్టి, “ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా. మొదలు నుంచి మొదలు. ఒక్కో నొప్పి ఎంతసేపు ఉందో అది వేరే లెక్క” అంది. నెలలు నిండాక, తొలి కాన్పు అయితే, ఐదు నిమిషాలకోటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరమంది. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా ఈ లెక్కలేవీ చూడొద్దంది. మరి ఇవి దొంగ నొప్పులైతే ఇంత రాత్రి వచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టామేమో అన్నాను. “37 వారాలు నిండకముందు వచ్చినవి దొంగవో నిజమైనవో తేల్చాల్సింది మేము, మీరు కాదు. మళ్లీ వస్తే మళ్లీ రండి” అంది. పరీక్ష చేసి, కాసేపు ఉంచి, తెల్లారేసరికి పంపేశారు. దొంగ నొప్పులే.

ఆ రసీదు ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. అంతవరకు నేను చూసిన వీడియోలన్నీ ఒక ఎత్తు, ఆ రెండు అలలు ఒక ఎత్తు. ఆవిడ దానికి తీసుకున్నది నాలుగు నిమిషాలు, ఒక స్టూలు.

ఇక కాన్పు గది. నొప్పులు పడేటప్పుడు పక్కన తోడు మనిషి మొదటినుంచి చివరిదాకా ఉంటే ఏమవుతుందని 17 దేశాల్లో జరిగిన 26 పరిశోధనలను, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2017లో కలిపి చూశారు. తోడున్నవాళ్లకు మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరిగింది, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కొంత తగ్గింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రతి స్త్రీకీ తాను కోరుకున్న మనిషి తోడుండాలని సిఫారసు చేసింది. అమెరికాలో రాబర్ట్ బ్రాడ్లీ అనే ప్రసూతి వైద్యుడు భర్తలను కాన్పు గదిలోకి రానివ్వాలని 1960ల్లోనే వాదించాడు. ఇది కొత్త మాటేమీ కాదు.

“తాను కోరుకున్న మనిషి” అన్నారు చూశారా, అక్కడ నాకు ఒక దెబ్బ తగిలింది. మీ ఆసుపత్రిలో ఒక్కరినే రానిస్తారని విని, ఎవరు కావాలని ఆమెను అడిగాను. జవాబు తెలిసినట్టే అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, “అమ్మ” అంది. రెండు రోజులు నేను సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఆమే, “నొప్పుల్లో నేను నిన్ను తిట్టినా నువ్వు ఏమీ అనవు. కానీ నీ ముఖంలో భయం చూస్తే నాకు భయమేస్తుంది. అమ్మ ముఖంలో అది కనబడదు” అంది. నిజమే, అత్తయ్య మూడు కాన్పులు చూసిన మనిషి. ఇప్పుడు నేను అద్దం ముందు నిలబడి భయం కనబడని ముఖం అభ్యాసం చేస్తున్నాను, అంత బాగా రావడం లేదు. చివరికి ఆమె అమ్మనే రమ్మంటే, అత్తయ్యే వెళ్తుంది. నేను బయట కూర్చుంటాను. కానీ ఆ నిర్ణయం ఆమె నోటి నుంచి రావాలి. మీ తలుపు మీద అంటించిన కాగితం నుంచి కాదు.

మీ వైపు కారణాలు నాకు తెలియకపోలేదు. ఒకే గదిలో నాలుగు మంచాలు, మధ్యలో తెర కూడా సరిగా లేకపోతే, పరాయి మగవాళ్లు అటూఇటూ తిరగడం మిగతా ఆడవాళ్లకు ఎంత ఇబ్బందో అర్థం చేసుకోగలను. దానికి మందు తెర. ఇంకో కారణం దీనికంటే పెద్దది. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ ఆ మాట భర్త పక్కనుండగా చెప్పలేదు. ఆమెను ఒంటరిగా అడగాల్సిన ప్రశ్నలు ఉంటాయి, అడిగి తీరాలి. నన్ను కూడా పది నిమిషాలు బయటికి పంపండి, పంపాలి. నేను ఎలాంటివాణ్నో నా నోటి మాట మీద మీరు నమ్మకూడదు. ఆ పది నిమిషాలు అయ్యాక ఆమెనే అడగండి, “మీవారిని పిలవమంటారా?” అని. వద్దంటే వద్దు. సరే అంటే పిలవండి. బిడ్డ తండ్రి లేనివాళ్లకు, రాలేనివాళ్లకు, అక్కో చెల్లో స్నేహితురాలో వస్తే వాళ్లకూ అదే కుర్చీ వేయండి.

నేనడిగేది ఇంతే. డాక్టరుగారి బల్ల ముందు ఇంకో కుర్చీ. మాత్రలు, వేళలు, ప్రమాద సూచనల గురించి చెప్పే మాటలు ఆమె పరీక్ష బల్ల దిగి, కళ్లజోడు పెట్టుకుని, ఆ కుర్చీల్లో ఇద్దరం కూర్చున్నాక చెప్పండి. పడుకోబెట్టి చెప్పకండి. అవే మాటలు చదవగలిగే రాతలో ఒక కాగితం మీద ఉంటే మరీ మంచిది. నొప్పుల లెక్క గురించి ఆ నర్సమ్మ గీసిన అలలు అచ్చువేయించి పంచితే, అర్ధరాత్రి మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లలో సగం మందికి కాస్త నెమ్మది చిక్కుతుంది. నాలాంటివాళ్లకు వేయించుకోవాల్సిన టీకాలేమైనా ఉన్నాయా, ఇంట్లో ఎవరైనా పొగ తాగితే ఏమవుతుంది, ఇలాంటివి మా ముఖం చూసి చెప్పండి. ఆమెతో చెప్పి పంపితే మొగుణ్ని సిగరెట్టు మానమనే భారం కూడా ఆమె నెత్తినే పడుతుంది. ఇప్పటికే ఆమె మోస్తున్నది చాలు.

వచ్చేసారి 36వ వారానికి వస్తాం. అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకున్నాం. పైన మూడు ఆమెవి. బిడ్డ తల కిందికి తిరిగిందా, నొప్పి తెలియకుండా ఇచ్చే మందు ఎప్పుడు అడగాలి, తాను ఏ భంగిమలో ఉండొచ్చు. కింద రెండు నావి. బొడ్డుతాడు వెంటనే కత్తిరించకుండా ఒక నిమిషమైనా ఆగుతారా, మొదటి గంటలో బిడ్డను ఆమె గుండెల మీదే ఉంచుతారా. నా ప్రశ్నలు కూడా ఆమే అడుగుతానంది, నన్ను రానివ్వకపోతే.

తొమ్మిది కావస్తోంది. లెక్కకు పిలుస్తోంది, వెళ్లాలి.

ఇట్లు,
34వ వారంలో ఉన్న ఒక తండ్రి